ఆకు ప్రాణం పోయే క్షణం కోసం...

చలికాలంలో ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్న కరివేపాకు మొక్క బతికుందా, పోయిందా అన్న అనుమానం మనలో చాలామందికి అనుభవమే. ఆకు రంగు మారి మనకు తెలిసేసరికే అందులో కణాలు ఎన్నో చనిపోయి ఉంటాయి. కంటికి అందని ఆ క్షణాన్ని యంత్రంతో పట్టుకోవాలని నూరేళ్ల కిందటే పట్టుబట్టినవారు జగదీశ్ చంద్రబోస్.

1858లో బెంగాల్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరారు. తెల్లవారికిచ్చే జీతం కంటే తక్కువ ఇస్తామంటే మూడేళ్లు జీతమే ముట్టలేదు. పాఠాలు మాత్రం మానలేదు. ఇంట్లో తండ్రి అప్పులుండగా పట్టిన పంతం అది! చివరికి పాత బకాయిలతో సహా పూర్తి జీతం ఇవ్వక తప్పలేదు.

1895లో తీగ లేకుండా రేడియో తరంగాలతో దూరాన గంట మోగించి చూపారు. ఆ దారిలోనే ఉంటే పేరుకీ డబ్బుకీ కొదవ ఉండేది కాదు. కానీ కొన్నేళ్లకే మొక్కల వైపు మళ్లారు.

అత్తిపత్తి మొక్కను నీళ్లలో ఉంచి మెల్లగా వేడి పెంచుతూ పోయారు. అంతవరకూ నెమ్మదిగా పైకి లేస్తున్న ఆకు, 60 డిగ్రీల దగ్గర తటాలున కిందికి వాలింది. సరిగ్గా అప్పుడే విద్యుత్ స్పందన కూడా తలకిందులైంది. అదే మొక్కను మళ్లీ వేడిచేస్తే ఆ కుదుపు రాలేదు. అలసిన మొక్క, విషం పట్టిన మొక్క ఇంకా తక్కువ వేడికే పోయేవి. మొక్కల బాధ గురించి ఆయన చెప్పిన మాటలు కొన్ని కొలతను దాటి వెళ్లాయనే నేననుకుంటాను. ఈ ప్రయోగం మాత్రం గట్టిది.

ఇవాళ ల్యాబుల్లో పద్ధతి వేరు, అది బోస్ కనిపెట్టింది కాదు. కాసేపు చీకట్లో ఉంచిన ఆకు మీద కాంతి వేస్తే పత్రహరితం అందులో కొంత ఎర్రటి వెలుగుగా తిప్పి పంపుతుంది. కెమెరా దాన్ని పట్టుకుంటే, ఆకు కాంతిని ఎంత బాగా వాడుకోగలదో పిక్సెల్ పిక్సెల్‌కీ లెక్కకట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్నచోట ఆ అంకె 0.83 దగ్గర ఉంటుంది, కణాలు చచ్చినచోట సున్నాకు దిగుతుంది. ఇక మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకు మిగిలేది పిక్సెళ్లు లెక్కపెట్టడమే. బోస్‌కు ఆ సౌకర్యమేదీ లేదు. పరికరాలన్నీ కలకత్తా పనివాళ్లతో చేయించుకున్నారు.

1901లో మొక్కల స్పందన మీద ఆయన వ్యాసాన్ని లండన్ రాయల్ సొసైటీ అచ్చువేయలేదు. జీవశాస్త్రంలో భౌతికశాస్త్రవేత్తకేం పనన్నారు అక్కడి పెద్దలు. ఆయన పుస్తకాలు రాసి తన ప్రయోగాలను తానే లోకం ముందు పెట్టారు. 1917లో కలకత్తాలో సొంతంగా పరిశోధనాలయం స్థాపించారు. 1920లో అదే రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. అప్పటికి 79వ పుట్టినరోజు వారం రోజుల దూరంలో ఉంది.