పియెర్ జోసెఫ్ పెల్లెటియే

పియెర్ జోసెఫ్ పెల్లెటియే (మార్చి 22, 1788 - జూలై 19, 1842) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. ఈయన 1820లో జోసెఫ్ కావెంతూతో కలిసి సింకోనా చెట్టు బెరడు నుండి మలేరియా ఔషధమైన క్వినైన్‌ను వేరుచేశాడు.

తొలి జీవితం

పెల్లెటియే పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి బెర్ట్రాండ్ పెల్లెటియే కూడా పేరుపొందిన రసాయన శాస్త్రవేత్త, ఔషధ నిపుణుడు. ఆయన 1797లో మరణించాడు. పెల్లెటియే పారిస్ ఫార్మసీ పాఠశాలలో చదివి, తరువాత అక్కడే ఆచార్యుడయ్యాడు. మందుల దుకాణాన్ని నడుపుతూనే పరిశోధనలు సాగించాడు.

పరిశోధనలు

దక్షిణ అమెరికా ప్రజలు విరేచనాలకు వాడే ఇపెకాకువానా వేరు నుండి 1817లో ఫ్రాంస్వా మజెండీతో కలిసి ఎమెటిన్ అనే పదార్థాన్ని రాబట్టాడు. అయితే అది పూర్తిగా శుద్ధమైనది కాదు. కావెంతూతో కలిసి 1818లో విషముష్టి జాతి గింజల నుండి స్ట్రిక్నిన్‌ను వేరుచేశాడు.

క్వినైన్

సింకోనా బెరడు పొడిని ఐరోపాలో 17వ శతాబ్దం నుండి చలిజ్వరానికి వాడేవారు. కానీ బెరడులో అనేక రకాలుండేవి, కల్తీ కూడా జరిగేది. అందువలన ఒకే మోతాదు ఒక రోగికి గుణమిచ్చి మరొకరికి ఇవ్వకపోయేది. బూడిదరంగు బెరడులో సింకోనిన్, పసుపు బెరడులో ప్రధానంగా క్వినైన్, ఎర్ర బెరడులో ఈ రెండూ ఉన్నాయని పెల్లెటియే, కావెంతూ కనుగొన్నారు. దీనితో మందును తూచి, నిర్దిష్టమైన మోతాదులో ఇవ్వటం సాధ్యమైంది. ఫ్రాంస్వా డబుల్ మొదలైన వైద్యులు క్వినైన్ సల్ఫేటును రోగులకిచ్చి దాని గుణాన్ని నిర్ధారించారు. తయారీ విధానానికి పేటెంటు తీసుకోకుండా ఇద్దరూ దానిని ప్రకటించారు.

అప్పటికి మలేరియా చెడుగాలి వలన వస్తుందని నమ్మేవారు. దానికి కారణమైన పరాన్నజీవిని లావెరాన్ 1880లో అల్జీరియాలో గుర్తించాడు. అది దోమలో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొన్నాడు. అనగా వ్యాధికారకం తెలియటానికి 60 సంవత్సరాల ముందే మందు గుణం రుజువైంది.

గుర్తింపు

1827లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఈ ఇద్దరికీ 10,000 ఫ్రాంకుల మాంట్యాన్ బహుమతినిచ్చింది. 1840లో పెల్లెటియే అకాడమీ సభ్యుడయ్యాడు. 1900లో పారిస్‌లో ఇద్దరి విగ్రహాలను నెలకొల్పారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహం కోసం వాటిని కరిగించగా, యుద్ధానంతరం అక్కడ మరొక స్మారకం వెలసింది.

ప్రభావం

ఎమెటిన్‌ను ఇంజెక్షనుగా ఇస్తే అమీబా వలన కలిగే జిగట విరేచనాలు తగ్గుతాయని 1912లో లియొనార్డ్ రోజర్స్ కలకత్తాలో చూపాడు. అయితే గుండెకు హాని చేసే గుణం వలన తరువాతి కాలంలో దాని వాడకం తగ్గిపోయింది. 1972లో చైనాలో సంప్రదాయ ఔషధ మొక్క నుండి ఆర్టెమిసినిన్‌ను రాబట్టటంలో కూడా పెల్లెటియే అనుసరించిన మార్గమే కనిపిస్తుంది.