కార్ల్ పుల్‌ఫ్రిఖ్

జర్మనీ దేశమున, రైను నదీ ప్రాంతమందలి బుర్షైడ్ పట్టణ సమీపమున, 1858వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన కార్ల్ పుల్‌ఫ్రిఖ్ జన్మించెను. బాన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1890లో యేనా నగరమందలి జైస్ కర్మాగారమున ప్రవేశించి, శేషజీవితమును ఆ కొలువులోనే గడపెను.

1901లో ఆయన స్టీరియోకంపరేటరు అను యంత్రమును లోకమునకు దెలిపెను. రెండు ఛాయాచిత్రములను రెండు కన్నులతో నొక్కమారుగ జూచి, వస్తువుల దూరమును గొలుచుట కది సాధనము. అయితే దానితో పనిచేయువారి కొక చిక్కు కలుగుచుండెను. ఒక చిత్రము రెండవదానికంటె మసకగ నున్నచో, పలకలను కదల్చునపుడు కొలతగుర్తు ముందునకో వెనుకకో జరిగినట్లు తోచెడిది.

దీనికి కారణమేమి? వెలుగు తగ్గిన కంటినుండి వార్త మెదడునకు కొంచె మాలస్యముగ జేరును. ఆలస్యము సెకండులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. కాని కదలుచున్న వస్తువు ఆ లోపల కొంత దూరము పోవును గదా! అందుచే నొక కన్ను దానిని ఇప్పటి చోటను, రెండవది ఇంతకుమున్నున్న చోటను జూచును. ఆ భేదమును మెదడు దూరభేదముగ నెంచును. ఈ వివరణము తనది కాదనియు, తన సహోద్యోగి ఫెర్ట్ష్‌దనియు పుల్‌ఫ్రిఖ్ దాచక ప్రకటించెను. ఇది యెల్లరు చేయు పని కాదు.

చదువరులు దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. దారమునకు చిన్న రాయి గట్టి, ఎదుట అడ్డముగ నూగనిచ్చి, కుడికంటికి మాత్రము నల్లద్దము నడ్డముంచి, రెండు కన్నులును దెరచి చూడవలెను. తిన్నగ నూగు రాయి గుండ్రముగ దిరుగుచున్నట్లు కనబడును. కుడివైపునకు బోవునపుడు దగ్గరగను, ఎడమకు మరలునపుడు దూరముగను దోచును. అద్దమును ఎడమకంటికి మార్చినచో తిరుగుడును మారును.

పుల్‌ఫ్రిఖ్ ఈ దోషమునే కొలబద్దగ జేసికొనెను. రెండు దీపముల వెలుగు సమానమైనపుడే ఆ వలయము మాయమగును. కావున దానితో వెలుగులను సరిపోల్చవచ్చునని 1922లో ప్రకటించెను. అప్పటి కాయన కొక కంటి చూపు లేదు! తన పేరు వహించిన ఆ వింతను తాను జూడజాలక, ఇతరులు జూచి చెప్పినదానినిబట్టియే పరిశోధించెను.

ఒక కంటి నాడికి జబ్బు చేసినవారికి, ఒక కంట శుక్లము ముదిరినవారికి నల్లద్దము లేకయే ఈ భ్రమ కలుగవచ్చును. అట్టివారికి ఎగిరివచ్చు బంతిని బట్టుటయు, వీథి దాటుటయు కష్టము. వైద్యులు నేడు తేలిక రంగుటద్దమును మంచి కంటికి బెట్టి రెండు వెలుగులను సరిచేయుదురు.

1927 ఆగస్టు 12వ తేదీన బాల్టిక్ సముద్రమున పడవ తలక్రిందులై ఆయన మునిగి మరణించెను.