మాట్లాడని కౌన్సిలరు

మొన్నామధ్య మా వీధి మురుగు కాలువ సంగతి చెప్పుకుందామని నలుగురం ఆడవాళ్ళం కలిసి మా వార్డు కౌన్సిలరు గారింటికి వెళ్ళాం. కౌన్సిలరు స్త్రీయే. మహిళలకి కేటాయించిన స్థానం నుంచి గెలిచారు. వరండాలో వాళ్ళాయన కూర్చుని ఉన్నారు. మా అర్జీ ఆయనే అందుకున్నారు, ఆయనే చదివారు, చూస్తానని మాటిచ్చిందీ ఆయనే. కౌన్సిలరు గారు మాకు కాఫీలిచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు. అదేం విడ్డూరమో, మాలో ఒక్కరికీ అది వింతగా తోచలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది నాకు. అర్జీ మీద ఆయన పేరు రాసింది నేనే!

ఆ సిగ్గుతో కూర్చున్నప్పుడే జేన్ కాబ్డెన్ గుర్తొచ్చింది. కథలు రాసే అలవాటున్నదాన్ని కదా, పాతకాలపు ఆడవాళ్ళ జీవితాలు ఎక్కడ కనిపించినా చదువుతుంటాను. అలా చదివినవాళ్ళలో మనసులో ముల్లులా ఉండిపోయిన మనిషి జేన్. లండన్ నగరపాలనకి ప్రజలు ఓట్లేసి గెలిపిస్తే, సభలో నోరు విప్పకుండా కూర్చోవలసి వచ్చింది ఆమెకి.

తండ్రి చాటు బిడ్డ కాదు

జేన్ పుట్టింది లండన్‌లో, 1851 ఏప్రిల్ 28న. తండ్రి రిచర్డ్ కాబ్డెన్ పేరు తెలియని ఇల్లు ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో లేదనే చెప్పాలి. పైదేశాల ధాన్యం మీద పన్నులేసి రొట్టె ధర దిగకుండా చేసిన చట్టాలు అక్కడ ఉండేవి. లాభం భూస్వాములది, ఆకలి పేదలది. ఆ చట్టాలపై ఏళ్ళతరబడి పోరాడి, 1846లో రద్దయ్యేదాకా నిద్రపోని మనిషి ఆయన.

ఆ ఇంటికి కష్టాలూ తక్కువేం కాదు. జేన్‌కి ఐదేళ్ళు నిండకముందే, జర్మనీలో చదువుకుంటున్న అన్న పదిహేనేళ్ళ వయసులో జ్వరంతో పోయాడు. ఆ దెబ్బకి తల్లి చాలాకాలం మనిషి కాలేకపోయింది. 1865లో తండ్రి కూడా వెళ్ళిపోయాడు. అప్పటికి జేన్‌కి పద్నాలుగేళ్ళు నిండలేదు. మిగిలింది తల్లీ, ఐదుగురు ఆడపిల్లలూ.

ఆడపిల్లలంతా తండ్రి పటానికి దండ వేసి ఊరుకునే రకం కాదు. జేన్ స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో చేరింది. 1883లో లీడ్స్ నగరంలో లిబరల్ పార్టీ వాళ్ళ పెద్ద సమావేశం జరిగింది. అందులో స్త్రీలకి ఓటు ఇవ్వాలన్న తీర్మానాన్ని సమర్థిస్తూ మాట్లాడినవాళ్ళలో జేన్ ఒకతె. ఇంకొకామె హెలెన్ బ్రైట్ క్లార్క్. ఆమె తండ్రి జాన్ బ్రైట్, కాబ్డెన్‌కి ప్రాణస్నేహితుడు, స్త్రీల ఓటుకి మాత్రం వ్యతిరేకి. తండ్రి నమ్మకానికి ఎదురుగా కూతురు నిలబడి మాట్లాడటం ఇప్పుడైనా తేలికేనంటారా!

1887లో జేన్ ఐర్లండ్ వెళ్ళింది. కౌళ్ళు కట్టలేక కొంపలు పోగొట్టుకున్న రైతు కుటుంబాలని కళ్ళారా చూసి వచ్చింది. రాజకీయమంటే సభల్లో మాటలే కాదని ఆమెకి బాగా తెలిసింది అక్కడేననిపిస్తుంది నాకు.

ఓటు ఉంది, సీటు ఉందా?

1888లో బ్రిటన్‌లో కొత్త చట్టం వచ్చింది. లండన్ మొత్తానికి ఎన్నికైన ఒక పాలక మండలి, అంటే లండన్ కౌంటీ కౌన్సిల్, ఏర్పడింది. అంతకుముందు నగరం పనులు చూసిన బోర్డుకి ప్రజలు నేరుగా ఓటేసేవాళ్ళు కాదు, పైగా దాని మీద అవినీతి మచ్చ. అందుకని ఈ మొదటి ఎన్నిక మీద అందరికీ ఆశ. 118 స్థానాలు. 1889 జనవరిలో పోలింగు.

ఇక్కడో తమాషా చూడండి. పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్ళకి ఓటు లేదు. నగరం ఎన్నికల్లో మాత్రం సొంతంగా ఇంటి పన్ను కట్టే స్త్రీలకి ఉంది. అంటే పెళ్ళికానివాళ్ళకీ, భర్త పోయినవాళ్ళకీ అన్నమాట. పెళ్ళయిన స్త్రీకి ఇల్లూ పన్నూ భర్త పేరునే కాబట్టి ఆమె లెక్కలో లేదు! సరే, ఓటు ఉన్నవాళ్ళు నిలబడొచ్చా? చట్టంలో ఒప్పుకుంటున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. అడిగితే కాదంటారని ఊరుకోకుండా, నిలబడి చూద్దామనుకున్నారు కొందరు స్త్రీలు. ఒక సంఘం పెట్టి ఇద్దరు అభ్యర్థులని నిలిపారు. బ్రిక్స్‌టన్ నుంచి లేడీ శాండ్‌హర్స్ట్. ఈమె భర్త ఒకప్పుడు మన దేశంలో బ్రిటిష్ సైన్యానికి సర్వసేనాని. అప్పటికే ఆయన పోయాడు. రెండో అభ్యర్థి జేన్ కాబ్డెన్. పోటీ చేసింది తూర్పు లండన్‌లోని బో అండ్ బ్రామ్లీ నుంచి.

అది కూలీనాలీ చేసుకునే జనం పేట. అక్కడి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు అంతకు ఆరు నెలల ముందే, 1888 జూలైలో, సమ్మె చేసి గెలిచారు. వాళ్ళ గోడు పత్రికకెక్కించినావిడ మనకి బాగా తెలిసిన అనీబిసెంటే. తర్వాతి కాలంలో మన మదనపల్లెలో ఆమె పేరున కాలేజీ వెలిసింది కదా, ఆ బిసెంటే. ఆ ఏడాది నవంబరులో ఆమె లండన్ స్కూలు బోర్డుకి కూడా ఎన్నికైంది. స్కూలు బోర్డుల్లో స్త్రీలు ఉండటానికి 1870 నుంచే అనుమతి ఉంది. పిల్లల బడి సంగతి చూడటానికి పనికొచ్చిన ఆడది ఆ పిల్లలు తిరిగే వీధి, తాగే నీళ్ళ సంగతి చూడటానికి పనికిరాదా అన్నదే ప్రశ్న.

జేన్ తరఫున ఎన్నికల ఏజెంటుగా తిరిగింది జార్జ్ లాన్స్‌బరీ అనే ముప్పై ఏళ్ళు నిండని కుర్రాడు. ఫలితాలొచ్చాయి. జేన్ గెలిచింది. శాండ్‌హర్స్టూ గెలిచింది. అంతేకాదు, కొత్త కౌన్సిల్ తనంతట తాను ఎన్నుకునే ఆల్డర్మన్‌లలో ఒకరిగా ఎమ్మా కాన్స్ అనే సంఘసేవకురాలిని తీసుకుంది. అంత పెద్ద సభలో ముగ్గురంటే ముగ్గురు ఆడవాళ్ళు!

గెలుపు మీద దావా

ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు. బ్రిక్స్‌టన్‌లో ఓడిపోయిన బెరెస్‌ఫర్డ్ హోప్ కోర్టుకెక్కాడు. చట్టంలో పురుషుడన్న మాటలో స్త్రీ కూడా ఇమిడి ఉందని రాసింది ఓటు వేయడం వరకే గానీ ఎన్నికవడానికి కాదని 1889లో తీర్పొచ్చింది. శాండ్‌హర్స్ట్ సీటు పోయింది. ఆమెని గెలిపించిన ఓట్లు చెల్లకుండా పోయాయి, ఓడినాయన వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

జేన్ మీద మాత్రం ఎవరూ దావా వేయలేదు. ఎన్నికైన పన్నెండు నెలల్లోగా ఎవరూ సవాలు చేయకపోతే ఆ ఎన్నిక చెల్లుతుందని చట్టంలో ఉంది. ఆ గడువు దాటేదాకా ఆమె జాగ్రత్తగా వెనక్కి తగ్గి ఉంది. 1890 ఫిబ్రవరి నుంచి ధైర్యంగా పనిలోకి దిగింది. ఇక భయం లేదనుకుంది పాపం!

కానీ కౌన్సిల్‌లోనే ఉన్న సర్ వాల్టర్ డి సౌజా అనే సభ్యుడు కొత్త కేసు వేశాడు. ఎన్నిక చెల్లితే చెల్లనీ, స్త్రీ కాబట్టి కౌన్సిలరుగా పనిచేయడానికి వీల్లేదని ఆయన వాదన. కోర్టు దాన్నే ఒప్పుకుంది. జేన్ చేసిన తప్పేమిటో తెలుసా? సభలో ఓటు వేయడం! అందుకు 250 పౌండ్ల జరిమానా. అప్పీలుకి వెళ్తే 1891లో అది 5 పౌండ్లకి తగ్గింది గానీ తీర్పు మారలేదు. తేలిందేమిటంటే, ఆమె కౌన్సిలరే, కుర్చీ ఆమెదే, ఎవరూ లేవమనలేరు. చెయ్యెత్తి ఓటేస్తే మాత్రం నేరం.

జరిమానా కట్టకుండా జైలుకి వెళ్ళమన్నవాళ్ళున్నారు. ఆమె వెళ్ళలేదు. స్త్రీలు కౌన్సిలర్లు కావచ్చని పార్లమెంటులో చట్టం తెద్దామని చూశారు, అదీ నెగ్గలేదు. ఇంకెవరైనా అయితే విసిగి రాజీనామా రాసిచ్చి ఇంటికొచ్చేవాళ్ళు. జేన్ అలా చేయలేదు. 1892 మార్చిలో పదవీకాలం ముగిసేదాకా ఆ కుర్చీలో కూర్చుంది. మాట లేదు, ఓటు లేదు.

నేను ఆ దృశ్యాన్ని చాలాసార్లు ఊహించుకున్నాను. చుట్టూ మగవాళ్ళు లేచి మాట్లాడుతుంటారు. తన పేట సంగతి వచ్చినప్పుడు గొంతుదాకా వచ్చిన మాట మింగేసుకోవాలి. ఆ కుర్చీ వదిలేస్తే, ఆడవాళ్ళకెందుకీ గొడవలన్నవాళ్ళ మాటే నెగ్గేది. కూర్చున్నంతకాలం, ఈమె నోరు కట్టేసింది ఎవరని చూసినవాళ్ళందరికీ తట్టి తీరుతుంది. కొన్ని మౌనాలు మనంతట మనం ఒప్పుకున్నవి. ఆమెది అది కాదు, కోర్టు మూసిన నోరు.

ఆ తర్వాత

ఆ ఏడాదే, నలభై దాటాక, ప్రచురణకర్త ఫిషర్ అన్విన్‌ని జేన్ పెళ్ళి చేసుకుంది. పెళ్ళయ్యాక ఇంటికే పరిమితం కాలేదు. దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయుల యుద్ధాన్ని వ్యతిరేకించింది, వలసల్లోని నల్లవారి హక్కుల కోసం పనిచేసింది. చెల్లెలు ఆనీ 1906లో ఓటు హక్కు కోసం జైలుకే వెళ్ళింది.

1907లో కౌంటీ కౌన్సిళ్ళకి స్త్రీలు ఎన్నిక కావచ్చని చట్టం వచ్చింది. 1910లో లండన్ కౌన్సిల్‌కి సూసన్ లారెన్స్, హెన్రియెట్టా ఆడ్లర్ గెలిచారు. వాళ్ళు నోరు విప్పి మాట్లాడొచ్చు, చెయ్యెత్తి ఓటేయొచ్చు. జేన్ గెలిచిన నాటికీ దీనికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు!

1911 జూన్ 17న ఓటు కోరుతూ లండన్ వీధుల్లో స్త్రీల మహా ఊరేగింపు జరిగింది. అందులో చీరలు కట్టుకుని నడిచిన మన భారతీయ స్త్రీలున్నారు. వాళ్ళని కూడగట్టే పని చూసినవాళ్ళలో జేన్ ఉంది. ఆనాడు ఏజెంటుగా తిరిగిన లాన్స్‌బరీ ఆ పాఠం మర్చిపోలేదు. అదే బో అండ్ బ్రామ్లీకి పార్లమెంటు సభ్యుడయ్యాక, 1912లో స్త్రీల ఓటు కోసమే పదవికి రాజీనామా చేసి మళ్ళీ పోటీ చేశాడు. ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

మగవాళ్ళతో సమానంగా స్త్రీలకి ఓటు 1928లో గానీ రాలేదు. అదీ చూసింది జేన్. 1947 జూలై 7న, తొంభై ఆరేళ్ళ వయసులో కన్ను మూసింది. మన స్వాతంత్ర్యానికి ఐదారు వారాల ముందు.

మన సంగతి

1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మన పట్టణాల్లో కనీసం మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. సభలో మాట్లాడితే జరిమానా వేసే కోర్టు మనకి లేదు. ఆ సంగతి తలుచుకున్నాక ఊరుకోలేకపోయాను.

అర్జీ మళ్ళీ రాశాను. ఈసారి పైన కౌన్సిలరు గారి పేరే పెట్టాను. మధ్యాహ్నం పన్నెండింటికి, వాళ్ళాయన ఊళ్ళో లేని రోజు చూసుకుని వెళ్ళాం. ఆవిడ అలవాటుగా కాఫీ పెట్టడానికి లేచారు. కాఫీలొద్దు, మీరు కూర్చోండమ్మా అన్నాం. తన పేరు చూసి ఒక్క క్షణం ఆగి, కొంగుతో చేతులు తుడుచుకుని, అర్జీ మొదట్నుంచీ చివరిదాకా చదివారు. కాలువ ఎక్కడ పూడిందో, వర్షమొస్తే ఎవరిళ్ళలోకి నీళ్ళొస్తాయో ఆవిడే వరసగా చెప్పుకొచ్చారు. మాకంటే బాగా తెలుసు ఆవిడకి! ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళేరీ?

వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఆ మాట తనే లేచి చెబుతానన్నారు. మేమూ వెళ్ళి వింటామని చెప్పి వచ్చాం.