బాగ్దాద్‌ను వదిలిన ఇమామ్ గజాలీ బజారును మాత్రం వదల్లేదు

ఇమామ్ గజాలీ (రహ్మలై) గురించి జుమా బయానుల్లో మనం ఎక్కువగా వినేది ఒక్కటే సంగతి. బాగ్దాద్‌లో అంత పెద్ద పదవి, పేరు, డబ్బు అన్నీ వదిలేసి ఫకీరులా వెళ్లిపోయారని. నిజమే, వెళ్లిపోయారు. కానీ కథ అక్కడే ఆపేస్తే ఆయన చెప్పినదాంట్లో సగమే మన ఇంటికి చేరుతుంది. ఆ సగమే విని, దీన్ కావాలంటే సంపాదన మానెయ్యాలేమో, సంపాదన కావాలంటే దీన్‌ను కాస్త పక్కన పెట్టాలేమో అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మిగతా సగం కూడా చూద్దాం.

ఆయన పుట్టింది 1058లో (హిజ్రీ 450), ఖురాసాన్‌లోని తూస్‌లో. ఇప్పుడది ఇరాన్‌లో మష్హద్ నగరం దగ్గర ఉంది. అసలు పేరు అబూ హామిద్ ముహమ్మద్. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునేవారు. తనకు చదువు అబ్బలేదన్న బాధ ఆయనకు ఉండేదట. చనిపోయేముందు ముహమ్మద్‌ను, తమ్ముడు అహ్మద్‌ను ఒక సూఫీ మిత్రుడికి అప్పగించి, ఉన్న కాస్త డబ్బూ చేతిలో పెట్టి, పిల్లల్ని చదివించమని కోరారు. ఆ డబ్బు ఎన్నాళ్లు వస్తుంది? అయిపోయింది. ఆ మిత్రుడూ పేదవాడే. ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఏదైనా మదర్సాలో చేరితే కనీసం కడుపు నిండుతుందని నచ్చజెప్పాడు. గజాలీ ఈ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు. మేం చదువుకు పోయింది అల్లాహ్ కోసం కాదు, కానీ ఆ చదువే అల్లాహ్ కోసం తప్ప ఇంకెవరి కోసమూ ఉండనని మొండికేసిందని, ఆ అర్థం వచ్చేలా పెద్దయ్యాక చెప్పుకున్నారు.

కుర్రతనంలో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్తారు. జుర్జాన్‌లో చదువు ముగించుకుని ఇంటికొస్తుంటే దారిలో దొంగలు పడ్డారు. గజాలీ దొంగల నాయకుడి వెంటపడి, మిగతావన్నీ ఉంచుకో, నా నోట్సు సంచి మాత్రం ఇచ్చెయ్యమని బతిమాలారు. సంచి పోతే పోయేది చదువెలా అవుతుందని ఆ దొంగ నవ్వి, సంచి తిరిగి ఇచ్చాడు. ఆ మాట గజాలీకి గట్టిగా తగిలింది. ఆ తర్వాత మూడేళ్లు కూర్చుని రాసుకున్నదంతా కంఠస్థం చేశారు.

తర్వాత నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ దగ్గర శిష్యరికం. 1085లో గురువు చనిపోయాక సల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆయన్ని చేరదీశారు. 1091లో బాగ్దాద్ నిజామియా మదర్సాకు ప్రధాన అధ్యాపకుడిగా నియమించారు. అప్పటికి గజాలీకి ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగేళ్లు. పాఠం వినడానికి మూడొందల మంది కూర్చునేవారు. ఖలీఫా దర్బారులోనూ గౌరవమే. మన లెక్కలో చెప్పాలంటే జీవితంలో సెటిలైపోయినట్టే.

1095లో అదంతా తలకిందులైంది. నేను చదువు చెప్తున్నది అల్లాహ్ కోసమా, పేరు కోసమా అని ఆయనకు అనుమానం పట్టుకుంది. ఆరు నెలల దాకా ఒక రోజు వెళ్లిపోవాలనిపించేది, మర్నాడు మనసు మారేది. ఆఖరికి నోట మాట రాకుండా పోయింది. పాఠం చెబుదామన్నా నాలుక కదల్లేదు. తిండి కూడా సహించలేదు. జబ్బు మనసులో ఉందని, అది తేలికపడితే తప్ప మందులు పనిచేయవని హకీములు చేతులెత్తేశారు.

ఆయన బాగ్దాద్ వదిలారు. బయానుల్లో సాధారణంగా వినపడని విషయం ఇక్కడే ఉంది. ఉన్నదంతా పంచేశారంటారు గానీ, ముందు తనకు, పిల్లలకు సరిపడా తీసిపెట్టి, ఆ మిగిలినది పంచారు. ఇది ఎవరో చెప్పింది కాదు, ‘అల్ మున్కిజ్’ అనే తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఇంకో సమర్థన కూడా ఇచ్చారు. ఇరాక్ రాబడి ముస్లింల మేలు కోసం వక్ఫ్ అయిన సొమ్ము కాబట్టి, ఒక ఆలిమ్ తన పిల్లల కోసం తీసుకోవడానికి అంతకంటే మంచి సొమ్ము లేదని. మనసు అంత అల్లకల్లోలంగా ఉన్న మనిషి కూడా ఇంటి ఖర్చు ఎక్కణ్నుంచి రావాలి, అది హలాలా కాదా అని లెక్క చూసుకున్నారు. నాకైతే ఆయన జీవితం మొత్తంలో ఎక్కువ నచ్చింది ఇదే.

డమాస్కస్‌లో ఉమయ్యద్ మస్జిద్ మీనారెక్కి, తలుపు వేసుకుని రోజంతా ఒంటరిగా గడిపేవారు. అక్కణ్నుంచి బైతుల్ మఖ్దిస్‌కు, అల్ ఖలీల్‌కు వెళ్లారు, తర్వాత హజ్ చేశారు. అల్ ఖలీల్‌లో ఇబ్రాహీం (అలై) సమాధి దగ్గర, ఇక రాజుల సొమ్ము ముట్టనని, వాళ్ల దర్బారుకు పోనని, వాదోపవాదాల్లో దిగనని ఒట్టు పెట్టుకున్నారు. చివరికి పిల్లల పిలుపులే ఆయన్ని వెనక్కి లాగాయి. ఇదీ ఆయన రాసుకున్నదే.

ఈ కాలంలోనే ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ తయారైంది. అందులో నలభై భాగాలున్నాయి. నమాజు, రోజా, హజ్ అయ్యాక, తిండి, పెళ్లి దాటగానే పదమూడో భాగం వస్తుంది. అది సంపాదన గురించి. లోకాన్ని వదిలిన మనిషి కూర్చుని బజారు నియమాలు రాశారు! సరుకులో లోపముంటే దుకాణదారుడు తనే చెప్పాలి. లేని గుణం అంటగట్టకూడదు. నకిలీ నాణెం చేతికొస్తే ఇంకొకరికి అంటగట్టకుండా బావిలో పారెయ్యాలి. అసలు వ్యాపారం చేసేవాడు నాణేన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి, తెలియక మోసం చేసినా బాధితుడికి నష్టం నష్టమే కదా. అందులో వాసిత్ పట్టణపు వ్యాపారి సంగతి ఒకటి ఉంది. బస్రాకు గోధుమల పడవ పంపి, చేరిన రోజే అమ్మెయ్యమన్నాడు. అక్కడి గుమాస్తా వారం ఆగి ఎక్కువ లాభానికి అమ్మాడు. సంగతి తెలిసి యజమాని మెచ్చుకోలేదు, ఆ సొమ్మంతా బస్రా పేదలకు పంచెయ్యమని కబురు పెట్టాడు.

అన్ని వృత్తులూ జనం మానేస్తే లోకమే నిలవదు, అందుకే తన వృత్తిని సమాజం తరఫున తీర్చే ఫర్జ్‌గా భావించి చెయ్యాలని గజాలీ అంటారు. వైద్యాన్ని, లెక్కల్ని కూడా ఫర్జె కిఫాయాలోనే చేర్చారు. ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడు ఒక్కడూ లేకపోయినా అందరూ ఫిఖహ్ చదువుకే ఎగబడుతున్నారని, ఆ చదువుతో ఖాజీ పదవులు, వక్ఫ్ నిర్వహణ చేతికొస్తాయనే ఈ ఆరాటమని గట్టిగానే మందలించారు. పిల్లల్ని హాఫిజ్ చెయ్యాలా, డాక్టర్ చెయ్యాలా అని మన ఇళ్లలో వాదన వచ్చినప్పుడు ఈ పేజీ ఎవరూ తెరవరు.

బీకాం మొదటి ఏడాదిలో డబ్బు చేసే పనులు నేను బట్టీ పట్టాను. విలువకు కొలమానం, మారకానికి సాధనం అని. తొమ్మిది శతాబ్దాల కిందట గజాలీ అదే విషయాన్ని అద్దంతో పోల్చారు. అద్దానికి సొంత రంగు ఉండదు, అన్ని రంగులూ చూపిస్తుంది. బంగారం, వెండి కూడా అంతే, వాటి కోసం అవి పనికిరావు, మిగతా వస్తువుల విలువ చూపిస్తాయి. కాబట్టి నాణేల్ని పాతిపెట్టినవాడు ఊరి న్యాయాధికారిని జైల్లో పెట్టినట్టేనట.

ఫారసీలో రాసిన ‘కీమియాయె సఆదత్’లో ఒంటె పోలిక ఉంది. హజ్‌కు పోయేవాడికి ఒంటె కావాలి, దానికి మేతా నీళ్లూ పెట్టాలి. పెట్టకపోతే నడి ఎడారిలో దిగబడిపోతాడు. పగలూ రాత్రీ దాన్ని అలంకరిస్తూ కూర్చుంటే బిడారు ముందుకెళ్లిపోతుంది, అప్పుడూ ఎడారిపాలే. దేహం, దునియా ఆ ఒంటె లాంటివి. సమతుల్యం అంటే దీన్‌కు సగం, దునియాకు సగం అని పంచడం కాదని నాకు ఈ పోలికతోనే అర్థమైంది. స్వారీ ఎవరు, వాహనం ఏది అన్నదే అసలు లెక్క.

తత్వవేత్తల మీద ఆయన రాసిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ వల్లే ముస్లింలలో సైన్స్ ఆగిపోయిందనే మాట కూడా వింటుంటాం. నేను ఒప్పుకోను. ఆ గ్రంథంలో ఇరవై అంశాల మీద వాదించారు. గ్రహణాల లెక్కల జోలికి మాత్రం పోలేదు. పైగా గణితంతో రుజువైనదాన్ని దీన్ పేరుతో కాదనేవాడు దీన్‌కే కీడు చేస్తున్నాడని హెచ్చరించారు. తర్వాతి శతాబ్దంలో ఇబ్నె రుష్ద్ ఆ గ్రంథానికి ఘాటైన జవాబు రాశారు, అది వేరే కథ.

1106లో మంత్రి ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టడంతో నైషాపూర్‌లో మళ్లీ పాఠాలు మొదలుపెట్టారు. పదవి పాతదే, ఈసారి ఉద్దేశం వేరని ఆయనే చెప్పుకున్నారు. అక్కడా ఎక్కువ కాలం ఉండకుండా సొంత ఊరు తూస్ చేరి, ఇంటి పక్కనే ఒక మదర్సా, సూఫీలకు ఒక ఖాన్ఖా ఏర్పాటు చేసుకున్నారు.

1111 డిసెంబరులో, ఒక సోమవారం ఫజ్ర్ వేళ వుజూ చేసి నమాజు చదివారు. కఫన్ తెప్పించుకుని, ముద్దాడి, కళ్లకద్దుకుని, ఖిబ్లా వైపు పడుకుని ప్రాణం విడిచారని తమ్ముడు అహ్మద్ చెప్పారు. కూతుళ్లు మాత్రమే మిగిలారు. ఆయన్ని స్వయంగా ఎరిగిన అబ్దుల్ గాఫిర్ అల్ ఫారిసీ ఆస్తి సంగతి కూడా రాసిపెట్టారు. వారసత్వంగా వచ్చినది కొంత, సంపాదించుకున్నది కొంత, ఇంటి ఖర్చుకు సరిపడా ఉండేదట. అంతకుమించి డబ్బు ఇస్తామని వచ్చినవాళ్లున్నారు, ఆయన తీసుకోలేదు.