చుక్కను నడిపించిన బ్రౌన్ మహాశయుడు

సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆసిల్లోస్కోపు తెరపై ఆకుపచ్చ గీతను చూసి యంత్రాల లోపాలు పట్టుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆ గీతకు మూలపురుషుడైన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్‌ను ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకోవడం నా విధిగా భావిస్తున్నాను.

ఆయన 1850 జూన్ 6న ఫుల్డా పట్టణంలో జన్మించారు. కొన్ని ఖనిజాలలో విద్యుత్తు ఒక దిశలో సులువుగానూ, ఎదురు దిశలో కష్టంగానూ ప్రవహిస్తుందని 1874లోనే కనుగొన్నారు.

1897లో, అప్పట్లో జర్మనీలో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో ఆచార్యులుగా ఉంటూ తన గొట్టాన్ని లోకానికి చూపారు. గాలి తీసేసిన గాజు గొట్టం, ఒక చివర కాథోడు, నడుమ చిన్న రంధ్రమున్న పలక, రెండో చివర మెరిసే పూత పూసిన అభ్రకపు తెర. రంధ్రం గుండా దూరిన సన్నని కిరణపుంజం తెరపై చుక్కయ్యేది. బయటి తీగచుట్టలో విద్యుత్తు మారితే ఆ చుక్క కదిలేది. దీనిపై ఆయన పేటెంటు తీసుకోలేదు. వివరాలన్నీ ప్రచురించి అందరికీ వదిలేశారు.

ఆ చల్లని కాథోడుకు వేల వోల్టులు కావలసివచ్చేది. తర్వాత ఆర్థర్ వేనెల్ట్ ఆక్సైడు పూసి వేడిచేసిన కాథోడునూ, దాని చుట్టూ స్థూపాకారపు ఎలక్ట్రోడునూ ప్రవేశపెట్టారు. ఆ స్థూపానికి ఋణ వోల్టేజి పెంచితే పుంజం సన్నగిల్లి వెలుగు తగ్గుతుంది. వేగం పెంచే, పుంజాన్ని కేంద్రీకరించే ఎలక్ట్రోడులు కూడా చేరాక అదే ఎలక్ట్రాన్ గన్ అయింది. మన పాత టీవీల్లో పిక్చర్ ట్యూబు మెడలో ఉన్నది అదే.

1909లో మార్కోనీతో కలిసి బ్రౌన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అది వైర్‌లెస్ కృషికి, గొట్టానికి కాదు. ఆ వైర్‌లెస్ పేటెంట్ల వ్యాజ్యంలో సాక్ష్యం చెప్పడానికే, 64 ఏళ్ల వయసులో, యుద్ధం నడుస్తుండగా ఆయన అమెరికా వెళ్లారు. 1917లో అమెరికా కూడా యుద్ధంలోకి దిగడంతో తిరిగివచ్చే దారి మూసుకుపోయింది. 1918 ఏప్రిల్ 20న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో కన్నుమూశారు. యుద్ధం ముగియడం కూడా చూడలేదు.

హక్కుల కోసం సాగిన వ్యాజ్యం ఆయనను స్వదేశానికి దూరం చేసింది. ఏ హక్కూ కోరని గొట్టం మాత్రం మన ఇళ్లదాకా వచ్చింది. పలుచని తెరలకు అలవాటుపడిన మనుమలకు ఈ సంగతి ఒకసారి చెప్పవలసిందిగా మిత్రులను కోరుతున్నాను.