శ్రీకాళహస్తి కవి – ధూర్జటి

స్వర్ణముఖీ నది ఒడ్డున, కొండల నడుమ వెలసిన శైవక్షేత్రం శ్రీకాళహస్తి. పంచభూత లింగాలలో వాయులింగం ఇక్కడిదని ప్రసిద్ధి. ఈ ఊరి పేరులోనే ముగ్గురు భక్తులున్నారు. శ్రీ అంటే సాలెపురుగు, కాళము అంటే పాము, హస్తి అంటే ఏనుగు. చక్రవర్తుల పేర్లూ, పండితుల పేర్లూ కాక, మూడు నోరులేని జీవాల పేర్లు ధరించిన ఈ ఊరికి తెలుగు సాహిత్యంలో శాశ్వతస్థానం కల్పించిన మహాకవి ధూర్జటి.

ధూర్జటి పదహారవ శతాబ్దివాడు. తల్లి సింగమ, తండ్రి నారాయణ. తండ్రి పేరు విష్ణువుది, కుమారుని పేరు శివునిది. ఇంటిలో ఇంత సులభంగా ఇమిడిన రెండు పేర్లు ఆనాటి పండితసభలలో మాత్రం తరచుగా పోటీపడేవి. ధూర్జటి అనన్య శివభక్తుడు. శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాలలో ఒకడుగా సంప్రదాయం ఆయనను గణిస్తుంది. ఆయన వ్యక్తిగత జీవితాన్ని గురించి ప్రచారంలో ఉన్న చాటుకథలు వినోదానికి పుట్టినవే తప్ప, వాటిని చరిత్రగా స్వీకరించనవసరం లేదు. ఆయన హృదయాన్ని తెలుసుకోవడానికి శ్రీకాళహస్తి మాహాత్మ్యము అనే నాలుగు ఆశ్వాసాల ప్రబంధం, శ్రీకాళహస్తీశ్వర శతకం – ఈ రెండే చాలు. రెండింటినీ ఆయన రాజుకు కాక శ్రీకాళహస్తీశ్వరునికే అంకితం చేశాడు.

1509 నుండి 1529 వరకు విజయనగరాన్ని పాలించిన రాయలు పరమవైష్ణవుడు. తిరుమలేశుని ఏడుసార్లు దర్శించి అపారమైన కానుకలు సమర్పించాడు. ఆయన రచించిన ఆముక్తమాల్యదలో వైష్ణవుడైన యామునాచార్యుడు శైవాభిమానియైన పాండ్యరాజు సభలో వాదించి గెలుస్తాడు. తన మతంపై రాయలకు గల పట్టుదల ఎంతటిదో దీనినిబట్టి ఊహించవచ్చు. అయినా ఆ రాయలే 1516 ప్రాంతంలో శ్రీకాళహస్తి శివాలయానికి గాలిగోపురాన్ని, నూరు స్తంభాల మండపాన్ని కట్టించాడు. తన దేవుని విడువకుండానే ఎదుటివాని దేవుని గుడికి గోపురమెత్తిన రాజు ఆయన. అటువంటి కాలంలో తన శివుని విడువని కవి ధూర్జటి. అభిప్రాయాలు లేనివారు సహనం చూపడం కష్టం కాదు. గట్టి నమ్మకం గలవారి మధ్యనే దానికి పరీక్ష.

ఆ పరీక్షను ధూర్జటి తన ప్రబంధంలో ఒక పాముకు, ఒక ఏనుగుకు పెట్టాడు. పాము ప్రతిదినం అమూల్యమైన మణులు తెచ్చి శివలింగాన్ని అలంకరించి వెళ్లేది. తరువాత వచ్చిన ఏనుగుకు ఆ మణులు వట్టి రాళ్లుగా కనిపించేవి. వాటిని తొలగించి, తొండంతో నదీజలం తెచ్చి అభిషేకించి, బిల్వదళాలతో పూజించేది. మరల వచ్చిన పాముకు ఆ ఆకులు చెత్తగా తోచేవి. ఇద్దరి భక్తీ నిజమైనదే. ఇద్దరి దేవుడూ ఒక్కడే. తన పూజను పాడుచేస్తున్న శత్రువెవరో అన్న ఆలోచనే తప్ప, తనవలె మరొకరు ఇక్కడ పూజ చేస్తున్నారేమోనన్న ఊహ ఇద్దరికీ కలుగలేదు. చివరకు పాము ఆకులలో దాగి ఏనుగు తొండంలో దూరింది. బాధ తాళలేక ఏనుగు తలను కొండరాతికి మోదుకొన్నది. రెండూ మరణించాయి. శివుడు రెండింటికీ ముక్తినిచ్చాడు. ఎవరి పూజ సరియైనదో ఆయన తీర్పు చెప్పలేదు. రెండింటినీ ఒకే విధంగా స్వీకరించాడు.

ఇదే చిక్కు తిన్నని కథలో మరల వస్తుంది. కన్నప్ప కథ అంతకుముందే తమిళంలో సేక్కిళారు పెరియపురాణంలోను, తెలుగులో పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోను ఉంది. ధూర్జటి చేతిలో అది కొత్త ప్రాణం పోసుకొన్నది. పొత్తపినాటి ఉడుమూరులో పుట్టిన తిన్నడు యౌవనంలో అడుగుపెట్టిన బోయ. వేటకు వెళ్లి, అడవిలో ఒంటరిగా ఉన్న శివలింగాన్ని చూసి జాలిపడ్డాడు. తోడెవరూ లేని చోట ఎలా ఉంటావని అడిగాడు. మా ఊరికి రమ్మని పిలిచి, అక్కడ దొరికే మాంసం, తేనె, పండ్లు అన్నీ చెప్పి ఆశపెట్టాడు. స్నేహితులు వచ్చి బతిమాలినా ఇల్లు చేరలేదు. కాల్చిన మాంసాన్ని తానే రుచి చూసి, మంచి ముక్కలు ఏరి దొప్పలో పెట్టి తెచ్చాడు. పుక్కిట పట్టి తెచ్చిన నీటితో అభిషేకం చేశాడు. ఆ కుర్రవానికి తెలిసిన మర్యాద అదే. ఇంటికి వచ్చిన చుట్టానికి అతడు చేసే మర్యాదకూ దీనికీ భేదం లేదు.

నియమంగా పూజించే అర్చకునికి మరునాటి దృశ్యం ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఎంగిలి మాంసం, ఎముకలు. ఆయన దుఃఖించి, శుభ్రం చేసి, తన విధిని తాను నిర్వర్తించి వెళ్లేవాడు. మరునాడు మరల అదే. ధూర్జటి ఈ అర్చకుని ఎగతాళి చేయలేదు. ఆయన వేదన కూడా భక్తిలోనిదేనని కవికి తెలుసు. శివుడు ఆయనను కోపించక, చాటున నిలిచి చూడమన్నాడు. పాముకు, ఏనుగుకు దక్కని అవకాశం ఈ అర్చకునికి దక్కింది. పొంచి చూచింది పామూ చేసిన పనే. అది కాటువేయడానికి చూచింది, ఈయన తెలుసుకోవడానికి చూచాడు.

లింగం కంటినుండి నెత్తురు కారింది. మందులు పనిచేయకపోగా తిన్నడు బాణంతో తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. రెండవ కన్నూ కారసాగింది. తన రెండో కన్ను తీస్తే చోటు కనిపించదని, గుర్తుకోసం చెప్పుకాలిని లింగంపై ఆనించాడు. శాస్త్రం ప్రకారం అంతకు మించిన అపచారం లేదు. శివుడు ప్రత్యక్షమై అతని చేయి పట్టుకొన్నాడు. చాటున ఉన్న అర్చకుడు ఇదంతా చూశాడు.

ధూర్జటి తన కావ్యంలో తమిళకవి నత్కీరునికీ స్థానమిచ్చాడు. శివుని పద్యంలోనే దోషం పట్టి శాపం పొందిన ఆ పండితుడు శ్రీకాళహస్తి దర్శనంతో విముక్తుడవుతాడు. ఒక తెలుగుకవి కావ్యంలో తమిళ పండితుడు, బోయ యువకుడు, పురుగు, పాము, ఏనుగు ఒకే గడపలో చేరారు.

అయితే ధూర్జటిని అందరితో మెత్తగా సర్దుకుపోయే మనిషిగా భావించరాదు. శతకంలో రాజులను, రాజసేవను ఆయన నిందించిన తీరు తెలుగు సాహిత్యంలో అరుదైనది. పూజావిధానంలోని భేదాన్ని అంతగా ఓర్చిన కవి, అధికార మదాన్ని ఏమాత్రం ఓర్వలేదు.

రాయలు కట్టించిన గాలిగోపురం దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచి 2010 మే 26న కూలిపోయింది. అక్కడే నిర్మించిన నూతన గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఆలయం పక్కనున్న కొండపై కన్నప్ప గుడి ఉంది. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలలో తొలి ధ్వజారోహణం అక్కడే జరుగుతుంది. స్వామి ఆలయంలో ధ్వజం ఎగిరేది ఆ తరువాతనే.