గిరి గారు వదిలేసిన కుర్చీ

వి.వి.గిరి అంటే నాకు మొన్నటిదాకా ఒక జీకే బిట్టు. నాలుగో రాష్ట్రపతి, అంతే. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని వార్త చూశాక ఆయన గురించి చదవడం మొదలెట్టాను. కారణం మా నాన్న. పిడుగురాళ్లలో ఒక సున్నపు బట్టీలో పదహారేళ్లు చేశాడు. ఒకసారి చెయ్యి కాలి మూడు వారాలు మంచంలో ఉంటే ఆ మూడు వారాల కూలీ రాలేదు. అడుగుదామంటే అక్కడ పనిచేసినట్టు చేతిలో ఒక్క కాగితం లేదు. ఇప్పుడు కొత్త కోడ్ ప్రకారం అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి అంటున్నారు.

గిరి గారు 1894లో బరంపురంలో పుట్టారు. ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది గానీ ఇల్లు తెలుగిల్లే, తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. కొడుకు కూడా లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లాడు. అక్కడ ఐరిష్ ఉద్యమకారులతో కలిసి తిరిగాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం వదిలిపొమ్మన్నారు. మనలో ఎవరికైనా ఫారిన్‌లో వీసా రద్దయితే ఇంట్లో ఎంత గొడవో ఊహించుకోండి!

తిరిగొచ్చాక రైల్వే కార్మికుల్లోకి వెళ్లారు. అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్ పెట్టినవాళ్లలో ఆయన ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో మనుషుల్ని తీసేస్తే సమ్మె నడిపారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా మీద గెలిచి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి అయ్యారు.

నన్ను ఆపేసింది ఇక్కడే. మంత్రిగా ఆయన పట్టు ఏంటంటే యజమాని, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. ప్రతిదానికీ సర్కారు ట్రిబ్యునల్‌కి పంపితే ఇద్దరికీ మాట్లాడుకోవడమే చేతకాకుండా పోతుంది. దీన్నే గిరి అప్రోచ్ అన్నారు. ఇతర శాఖలు ఒప్పుకోలేదు. ఈలోపు బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. కేంద్రం దాన్ని కొంత కోసేసింది. ట్రిబ్యునల్ అంటేనే పెద్దగా ఇష్టంలేని మనిషి, ఆ ట్రిబ్యునల్ తీర్పు కోసమే 1954లో మంత్రి పదవి వదిలేశారు. మొదట ఇది నాకు తిరకాసుగా అనిపించింది. తర్వాత అర్థమైంది: పద్ధతి నచ్చకపోవడం వేరు, తీర్పు వచ్చాక కూలివాడికి రావాల్సింది తగ్గించడం వేరు. మరుసటి ఏడాది గజేంద్రగడ్కర్ కమిషన్ సిఫార్సుల మీద బ్యాంకు ఉద్యోగుల కోసం చట్టమే చేశారు.

ఆ తర్వాత గవర్నరు, ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి, 1975లో భారతరత్న. ఇవన్నీ గైడ్లలో ఉన్నవే. 1980లో పోయారు.

కొత్త కోడ్‌లు ఆయనకు నచ్చేవా? కొంత నచ్చేవి, కొంత నచ్చేవి కావేమో. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి అయిదేళ్లు కాకుండా ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, మంచిదే. కానీ ఒకప్పుడు రైల్వే, కరెంటు లాంటి ప్రజావసర సేవలకే ఉన్న 14 రోజుల సమ్మె నోటీసు ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ పెట్టారు. రైల్వే సమ్మెలు నడిపిన మనిషి దీన్ని ఒప్పుకుంటాడని నాకు అనిపించదు.

మా సీనియర్ అన్నకి మొన్న ప్లేస్‌మెంట్‌లో ఆఫర్ వచ్చింది, రెండేళ్ల ఫిక్స్‌డ్ టర్మ్. అందరం ప్యాకేజీ అంకె చూసి చప్పట్లు కొట్టాం. నేను మాత్రం లెటర్ అడిగి తీసుకుని రెండో పేజీ నుంచి చదివాను. ఫోన్లో నాన్నకి ఆ సంగతి చెబితే, ఆ లెటర్ జిరాక్స్ తీసి పెట్టుకోమను రా అన్నాడు.